వానకాలం చేపలు, మాహిం గుల్లలు

కామాటిపుర చాళ్లలో మీ వాళ్లుంటే ఈ మాట చేరవేయండి. వానకాలంలో చేప ప్రియమైందని కోలీ ఆడవాళ్ల మీద విసుక్కోవద్దు. జూన్ 1 నుంచి జూలై 31 దాకా పడమటి తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14. చాలా చేపలు గుడ్లు పెట్టే కాలమది. నార్ళీ పున్నమికి సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చాకే పడవ దించడం కోలీల పాత ఆచారం. చట్టం కంటే ముందటిది!

ఇక తిసర్యా గుల్లలు. అమావాస్య, పున్నములకు నీరు బాగా వెనక్కి తీసినప్పుడు బురదలో తవ్వుతారు. గుల్ల నీటిని వడగట్టి బతుకుతుంది. మాహిం వాగులాంటి చోట మురుగూ దాని కడుపులోకే పోతుంది. ఉడికిస్తే క్రిములు చస్తాయి గానీ సీసం, పాదరసం పోవు. ఎక్కడ తవ్వారో అడిగి కొనండి. నోరు తెరిచి, తట్టినా మూయని గుల్లను పారేయండి.