ఇంటి స్టీరియోలో మొదట మార్చవలసినది ఏది?

విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల 1919లో ఏర్పడింది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. అక్కడ వాయులీనం నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1936లో ఆ పదవిని చేపట్టారు. ఘంటసాల చదివినది ఆ కళాశాలలోనే, పి. సుశీల 1935లో పుట్టినది ఆ ఊళ్లోనే. ఇటువంటి చోట పాత పెట్టెల అడుగున గ్రామఫోను రికార్డులు బయటపడితే వింత లేదు. ఇంట్లో ఒక స్టీరియో ఉన్నది, చేతిలో కొద్దిపాటి సొమ్మున్నది, తాతగారినాటి రికార్డులను మరికొంత బాగా వినవలెనన్న కోరిక ఉన్నది. ఆ సొమ్ము దేనిమీద పెట్టాలి? ఎక్కువ వాట్ల ఆంప్లిఫయరు కొనాలనే చాలామందికి తోస్తుంది. భౌతికశాస్త్రం చెప్పే సమాధానం వేరు.

రికార్డు గాడిలోని వంకరలు సూదిని కదుపుతాయి. ఆ కదలిక కార్ట్రిడ్జిలో విద్యుత్తుగా మారుతుంది; అది కొన్ని మిల్లీవోల్టులకు మించదు. ఆంప్లిఫయరు దానిని పెంచుతుంది. స్పీకరు ఆ విద్యుత్తును తిరిగి కదలికగా మార్చి గాలిని కంపింపజేస్తుంది. అంటే శక్తి రూపం మారేది రెండు కొసలలోనే. నడుమ ఉన్నంతసేపు విద్యుత్తు విద్యుత్తుగానే ఉంటుంది. దోషాలు ఎక్కువగా చోటుచేసుకొనేది ఆ రెండు కొసలలోనే. ఓ మోస్తరు ఆంప్లిఫయరు కూడా ధ్వనిని నూటికి 0.1 వంతుకన్న తక్కువే వికృతం చేస్తుంది. మంద్రస్వరాలను గట్టిగా పలికేటప్పుడు స్పీకరు చేసే వికృతి నూటికి కొన్ని వంతులుంటుంది.

వాట్ల సంగతి కూడా చూడాలి. 25 వాట్లకు బదులు 50 వాట్లు తెస్తే ధ్వని పెరిగేది 3 డెసిబెళ్లు. చెవికి తేడా తెలుస్తుంది, అంతే. ధ్వని రెట్టింపైనట్లు తోచాలంటే సుమారు 10 డెసిబెళ్లు, అనగా పదిరెట్ల శక్తి కావాలి. ఇక స్పీకర్లలో, ఒక్క వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే 84 డెసిబెళ్లు పలికేవి ఉన్నవి, 90 పలికేవీ ఉన్నవి. రెండవదానికి 25 వాట్లు ఇస్తే మొదటిదానికి 100 వాట్లు ఇచ్చినంత పని జరుగుతుంది!

ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. బొబ్బిలి వీణను చూడండి. ఒంటి పనసదుంగను తొలిచి చేసిన ఆ కుండవంటి భాగం లేకపోతే తీగ ఎంత మేలైనదైనా దాని నాదం పక్కగదిలోకి పోదు. సన్నని తీగ గాలిని కదల్చలేదు. విశాలమైన కొయ్యపలక కదల్చగలదు. స్పీకరు శంకువు చేసేదీ ఆ పనే. ధ్వని బిగ్గరతనం మారకుండా పౌనఃపున్యం సగానికి దిగితే శంకువు నాలుగురెట్ల దూరం ముందుకు వెనుకకు ఊగాలి. అరచేతి వెడల్పు లేని స్పీకరు మృదంగపు ఎడమవైపు నాదాన్ని గాని, తప్పెటగుళ్ళ మోతను గాని పూర్తిగా పలకలేకపోవడానికి కారణం ఇదే. దానిని ఎంత పెద్ద ఆంప్లిఫయరుకు తగిలించినా లాభం లేదు.

అయితే స్పీకరు కొనడానికి ముందు డబ్బు అక్కరలేని పని ఒకటున్నది. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో, మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి అర్థంకాని ఒక ఉపన్యాసశాలను బాగుచేయమని వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుని కోరారు. ఆయన మరొక శాలలోని కుర్చీల దిండ్లను రాత్రివేళ తెప్పించి పరచి, ఒక్కొక్క వరుసకు ధ్వని ఎంతసేపట్లో అణగిపోతున్నదో గడియారంతో కొలిచాడు. శోషణకు ఆయన ఎంచుకొన్న కొలమానం తెరిచిన కిటికీ. కిటికీలోంచి బయటికి పోయిన ధ్వని తిరిగి రాదు గదా!

ఆయన సూత్రాన్ని మన ఇంటికి అన్వయించి చూడవచ్చు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తుగల బోసి స్లాబు గదిలో గోడలు, నేల, కప్పు కలిసి సుమారు 2 చదరపు మీటర్ల కిటికీపాటి శోషణ చేస్తాయి. ధ్వని అణగడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. వాయులీనపు గమకం ఒకటి చెవికి అందేసరికి దాని ముందరి స్వరం ఇంకా గదిలో తిరుగుతూనే ఉంటుంది. పరుపు, బొంత, దళసరి తెర, బట్టల దండెం చేరి శోషణ 8కి పెరిగితే ముప్పాతిక సెకను చాలు. ఇవి మంద్రస్వరాలను అంతగా పీల్చవన్నది నిజమే. అందుకు స్పీకర్లను మూలలనుంచి ముందుకు జరపాలి.

ఫోనులోనో, రేడియోలోనో మాత్రమే వినేవారు ఇక్కడ ఆగి, మంచి స్పీకర్లు వెతుక్కోవచ్చు. రికార్డులున్నవారికి మాత్రం అన్నిటికన్న ముందు చూడవలసినది సూది. తక్కిన భాగాలు చెడితే ఆ పూట పాట చెడుతుంది. అరిగిన సూది రికార్డునే చెరుపుతుంది. వజ్రపుసూది కూడా కొన్ని వందల గంటలకు అరుగుతుంది. అంచులు పదునెక్కి గాడి గోడలను చెక్కుతుంది. అలా పోయిన స్వరం ఏ యంత్రంతోనూ తిరిగి రాదు.

78 తిరుగుళ్ల పాత రికార్డులకు సూదియే వేరు. వాటి గాడికి సుమారు 75 మైక్రాన్ల కొన కావాలి. 1948లో వచ్చిన లాంగ్‌ప్లే రికార్డుకు 25 చాలు, స్టీరియోకు ఇంకా తక్కువ. సన్నసూదిని పాత రికార్డుమీద పెడితే అది గాడి అడుగున దుమ్ములో దొర్లి బరబర శబ్దమే వినిపిస్తుంది. తాతగారి గ్రామఫోను ఉక్కుసూదిని లాంగ్‌ప్లేమీద పెట్టడం అంతకన్న ఘోరం. అది నూరు గ్రాములకు పైగా బరువు మోపుతుంది. నేటి కార్ట్రిడ్జి మోపేది రెండు గ్రాములు. పాత రికార్డులు వినేటప్పుడు ఆంప్లిఫయరుకు మోనో మీట ఉంటే నొక్కాలి. సూది పైకి కిందికి ఊగడంవల్ల పుట్టే రొద చాలావరకు రద్దవుతుంది. బూజు పట్టిందని వాటిని స్పిరిటుతో ఎన్నడూ తుడవరాదు. అవి లక్కతో చేసినవి. లక్క స్పిరిటులో కరుగుతుంది.

సూది మార్చి, గది సర్దిన తరువాత మిగిలిన సొమ్ము స్పీకర్లకే. శ్రీకాకుళం తీరంలో వాడిన స్పీకర్లు కొనేవారు ముందుగా శంకువు చుట్టూ ఉండే మెత్తని అంచును వేలితో తాకి చూడాలి. అది నురుగుపదార్థమైతే చెమ్మగాలికి కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచు అంతకన్న చాలాకాలం నిలుస్తుంది. అంచు ఒక్కటే రాలి, శంకువు, తీగచుట్ట బాగుంటే స్పీకరును పారవేయనక్కరలేదు. అంచుమాత్రం కొత్తది అతికించవచ్చు.