మందు ఎవరిచ్చినా జవాబు ఎవరిది?

హైదరాబాద్ మలక్‌పేట లాంటి రేసు కోర్సుల్లో గెలిచిన గుర్రాన్ని నేరుగా శాలకు తోలుకుపోరు. రక్తమో మూత్రమో పరీక్షకు తీస్తారు. నొప్పికి ముందెప్పుడో ఇచ్చిన మందు ఆనవాలు అందులో దొరికినా గెలుపు చేజారవచ్చు. అందుకే పందేనికి ఎన్ని రోజుల ముందు మందు ఆపాలన్నది ముఖ్యం.

ఇక్కడ రెండు లెక్కలున్నాయి. మందు ఎన్నాళ్లు పరీక్షకు చిక్కుతుందన్నది మొదటిది. నొప్పి తగ్గించే ఫినైల్‌బ్యూటజోన్‌కు యూరప్ రేసింగ్ సంస్థలు చెప్పిన లెక్క 168 గంటలు, అంటే ఏడు రోజులు. కానీ అది కొద్ది గుర్రాలకు, ఒక నిర్ణీత మోతాదులో ఇచ్చి చూసింది. అన్ని గుర్రాల ఒళ్లూ ఒకేలా ఉండవు కాబట్టి, దానిపై ఇంకెన్ని రోజులు కలపాలో వైద్యుడు తేల్చాలి. ఆ మొత్తమే రెండో లెక్క, అంటే మందు ఆపాల్సిన గడువు.

శాలలో ఇంకో చిక్కుంది. కొన్ని మందులు మూత్రంలో బయటికొస్తాయి. తడిసిన పడక గడ్డిని గుర్రం నమిలితే మళ్లీ కడుపులోకి పోతాయి. గుర్రాన్ని చూసుకునే సైసు గడ్డి మార్చకపోతే వైద్యుడి లెక్క తప్పుతుంది.

అయినా రేసింగ్ నిబంధనలు ముందుగా పట్టుకునేది ట్రైనర్‌నే. అమెరికాలో 2021 కెంటకీ డెర్బీ పందెంలో మొదట వచ్చిన మెడీనా స్పిరిట్ అనే గుర్రం రక్తంలో బెటామెథసోన్ అనే మందు దొరికింది. చర్మానికి పూసిన ఆయింట్‌మెంట్ వల్లేనని ట్రైనర్ బాబ్ బాఫర్ట్ పక్షం వాదించింది. ఆ వాదన నిలవలేదు. 2022లో గెలుపు రద్దయింది, ఆయనపై 90 రోజుల సస్పెన్షన్ పడింది.

కామారెడ్డి జిల్లా మాచారెడ్డి రైతుకు ఈ గొడవ దూరమేమీ కాదు. పొదుగువాపుకు బర్రెకు యాంటీబయాటిక్ వేస్తే పాలకూ గడువు ఉంటుంది. ఒక్క చన్నులోకే మందు ఎక్కించినా నాలుగు చన్నుల పాలూ పక్కన పెట్టాల్సిందే. కాచినా చాలా మందులు పోవు. ఆ పాలు సరిగా తోడుకోకపోవచ్చు కూడా. 2012లో సవరించిన ఔషధ నిబంధనల ప్రకారం మందు లేబుల్ మీద గడువు రాయాలి. ప్రత్యేకంగా నిర్ణయించిన గడువు లేకుంటే పాలకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు.

గడువు చెప్పడం డాక్టరు పని, పాటించడం రైతు పని. నోటిమాట మీద వదిలేస్తే రెండూ గాలికి పోతాయి. మందు పేరు, చివరి మోతాదు తేదీ, పాలు ఎప్పటినుంచి పోయొచ్చో చీటీ మీద రాయించుకోవాలి. పాలు పిండే ఇంటి మనిషికీ అది చూపాలి.