అరణ్యం అంటే అడవేనా?

కొన్నేళ్ల క్రితం హోసూరు ప్రాంతం నుంచి వచ్చిన ఒక విద్యార్థి తరగతి అయ్యాక నన్ను ఆపి ఒక ప్రశ్న అడిగాడు. "సార్, యేసు నలభై దినాలు అరణ్యంలో ఉన్నాడని మా తెలుగు బైబిల్లో ఉంది. అమ్మమ్మ చదివే తమిళ బైబిల్లో వనాంతరం అని ఉంది. కానీ యూదయ దేశం బొమ్మలు చూస్తే అంతా రాళ్లూ మట్టిగుట్టలే. అక్కడ అంత అడవి ఎక్కడుందండీ?"

మంచి ప్రశ్న. నాకు తెలిసింది చెప్పాను. కొన్ని నెలల తర్వాత అతనే మళ్లీ వచ్చాడు. పరీక్షలు సరిగా రాయలేదు, ఇంట్లో ఏవో ఇబ్బందులు. ఒంటరిగా ఒక కొండమీదికి వెళ్లి నలభై రోజులు అన్నం ముట్టకుండా ప్రార్థన చేయాలని నిశ్చయించుకున్నానన్నాడు. అతని మొదటి ప్రశ్న, ఈ నిశ్చయం వేరువేరు కావని నాకు అప్పుడు తట్టింది. నేను బోధకుణ్ణి కాను, భాష చెప్పుకొని బతికేవాణ్ణి. అయినా ఒక మాట అర్థం ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడం మా వృత్తిలో భాగమే. ఆనాడు అతనికి చెప్పినదాన్నే కొంచెం విస్తరించి ఇక్కడ రాస్తున్నాను.

మాట వెనుక ఉన్నది

హీబ్రూ బైబిల్లో ఈ తావుకు ఎక్కువగా కనిపించే మాట 'మిద్బార్'. అది దట్టమైన అడవి కాదు, ఒట్టి ఇసుక మేట కూడా కాదు. ఎవరూ దున్నని, విత్తని బీడు అది. వాన పడినప్పుడు కాస్త గడ్డి మొలిస్తే కాపరులు మందలను తోలుకుపోతారు. గ్రీకు సువార్తల్లో ఉన్న మాట 'ఎరెమోస్'. మనుషులు లేని చోటు అని దాని అర్థం. ఆ నేలలో ఏముందో ఆ మాట చెప్పదు, ఎవరు లేరో చెబుతుంది.

సంస్కృతంలోని 'అరణ్యం' కూడా ఇలాంటిదే. దూరమైన, పరాయి అనే అర్థాలున్న 'అరణ' శబ్దంతో దానికి సంబంధం ఉంది. వేద వాఙ్మయంలో అరణ్యానికి ఎదురు మాట గ్రామం. ఊరు కానిదంతా అరణ్యమే, చెట్లున్నా లేకున్నా. కాబట్టి తెలుగు అనువాదకులు ఈ మాటను ఎంచుకోవడంలో పొరపాటు లేదు. తర్వాతి కాలంలో ఈ మాట వినగానే మనకు చెట్లు మాత్రమే కనిపించసాగాయి.

మన జాతీయాలు ఇక్కడ గమనించదగినవి. ఎవరూ వినని మొరను 'అరణ్యరోదనం' అంటాం. ఎవరూ చూడక వృథా అయ్యే అందాన్ని 'అడవి గాచిన వెన్నెల' అంటాం. రెండింటిలోనూ మనుషులు లేకపోవడం ఒక లోటు. బైబిల్ సంప్రదాయంలో వరుస తిరగబడుతుంది. యోహాను అరణ్యంలో ఎలుగెత్తితే యెరూషలేము జనమే బయలుదేరి అతని దగ్గరికి వెళ్లింది. హాగరు మొర విన్నదీ, ఏలీయా సన్నని స్వరం విన్నదీ జనం లేని చోటనే. మనం వృథా అనుకునే నిశ్శబ్దమే అక్కడ వినికిడికి ఆధారం.

మార్కు సువార్తలో ఇంకో సంగతి ఉంది. పని చేసి అలసి, అన్నం తినడానికైనా తీరిక లేని శిష్యులను యేసు నిర్జన ప్రదేశానికి రమ్మని, కొంత విశ్రాంతి తీసుకొమ్మంటాడు. ఇక్కడ అరణ్యం పరీక్షాస్థలం కాదు, విశ్రాంతిస్థలం. అయితే జనం వెంటపడి అక్కడికీ వస్తారు. అయిదు వేల మందికి భోజనం పెట్టిన ఘట్టం ఆ నిర్జన ప్రదేశంలోనే జరుగుతుంది. ఏకాంతానికి వెళ్లిన కథ పంక్తిభోజనంతో ముగిసిందని మరచిపోకూడదు.

ఈజిప్టు ఎడారి మునులు

ఈ పద్ధతి ఒక జీవనవిధానంగా స్థిరపడింది నాలుగో శతాబ్దపు ఈజిప్టులో. వారిలో ప్రసిద్ధుడు ఆంటొనీ. సుమారు 251లో పుట్టాడు, 356లో మరణించాడు. కలిగిన రైతు కుటుంబం. తల్లిదండ్రులు పోయాక ఇరవై ఏళ్ల ప్రాయంలో, ఉన్నదమ్మి పేదలకిమ్మన్న సువార్త వాక్యం గుడిలో విని, ఆస్తి వదులుకున్నాడు. మొదట ఊరి చివర, తర్వాత సమాధుల్లో, ఆ తర్వాత పాడుబడిన కోటలో సుమారు ఇరవై ఏళ్లు గడిపాడు. అతని చరిత్ర రాసిన అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్, ఇరవై ఏళ్ల తర్వాత బయటికి వచ్చిన మనిషి ఎండి కట్టెగా మారలేదనీ, అతని శరీరమూ మనసూ నిలకడగా ఉన్నాయనీ చెబుతాడు. బయటికి వచ్చాక చేసినదేమిటి? రోగులను ఓదార్చాడు, తగవులు తీర్చాడు, ఇతరులకు దారి చూపాడు.

ఇలా వెళ్లిపోవడానికి గ్రీకులో వాడిన మాట 'అనఖోరేసిస్', అంటే తప్పుకొని పోవడం. ఆనాటి ఈజిప్టు పత్రాల్లో ఈ మాటకు మరో వాడుక ఉంది. పన్నులు కట్టలేక ఊరు విడిచి పారిపోయే రైతుల విషయంలోనూ ఇదే మాట రాశారు. పారిపోవడానికీ సాధనకు వెళ్లడానికీ మాట ఒక్కటే. తేడా తెలుసుకోవడం వెళ్లేవాడి బాధ్యత. నా విద్యార్థితో నేను ఎక్కువసేపు మాట్లాడింది ఈ మాట గురించే.

ఆంటొనీ తర్వాత నిత్రియా, కెల్లియా, స్కేటిస్ అనే చోట్ల వందలాది మునులు స్థిరపడ్డారు. స్కేటిస్ నేటి వాదీ నత్రూన్. అక్కడ నాలుగు మఠాలు ఇప్పటికీ ఉన్నాయి. వారి దినచర్య సాదాసీదా: చిన్న గది, కీర్తనల పఠనం, తాటాకు జాతి ఆకులతో బుట్టలూ తాళ్లూ అల్లడం, వాటిని అమ్మి తిండి సంపాదించుకోవడం, శని ఆదివారాల్లో అందరూ కలిసి ఆరాధన, భోజనం. కొత్తవాడు తప్పనిసరిగా ఒక పెద్ద దగ్గర నేర్చుకోవాలి. ఆ పెద్దను 'అబ్బా' అనేవారు, అంటే తండ్రి. అతిథి వస్తే ఉపవాసం ఆపి అతనితో కలిసి తినడం వారి మర్యాద.

ఏకాంతం వల్ల వచ్చే చిక్కులను కూడా వారు దాచలేదు. కెల్లియాలో జీవించి 399లో మరణించిన ఎవాగ్రియస్, 'అకీడియా' అనే మానసిక స్థితిని వర్ణించాడు. పొద్దు కదలదు, పగలు యాభై గంటలున్నట్టు తోస్తుంది, సాధకుడు మాటిమాటికీ కిటికీలోంచి చూస్తాడు, ఉన్న చోటు, చేసే పని, తోటివారు, అన్నీ రోత పుడతాయి. దీనికి 'మధ్యాహ్న పిశాచం' అని పేరు. హాస్టల్ గదిలో పరీక్షల ముందు కూర్చున్న వారెవరికైనా ఇది పరిచయమే. పారిపోకుండా, చేతిలోని చిన్న పనిని కొనసాగిస్తూ నిలవడమే అతను చెప్పిన మందు.

వీటన్నిటికన్నా వారు మిన్నగా ఎంచిన గుణం వివేచన. ఉపవాసాలతో శరీరాన్ని అరగదీసుకొని, వివేచన లేక దేవునికి దూరమైనవారున్నారని ఆంటొనీ హెచ్చరించినట్టు సంప్రదాయం. రోజుల తరబడి మానేయడం కంటే రోజూ కొంచెం తిని, కడుపు నిండకముందే లేవడం మేలని మరో ముని పోయ్‌మెన్ బోధ. కాబట్టి నలభై అన్న సంఖ్యను పట్టుకొని ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఆ ఎడారి పెద్దల మార్గం కాదు.

మన దగ్గర

తెలుగువారికి ఈ సంప్రదాయం పరాయిది కాదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు దగ్గరి కొండమీద అయిదుగురు ప్రార్థన చేశారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని వారి విన్నపం. పన్నెండేళ్ల తర్వాత, 1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. ఆ ప్రార్థన కొండ ఊరికి దూరమైన కీకారణ్యం కాదు. ఊరిని చూస్తూ, ఊరి కోసం ప్రార్థించడానికి ఎక్కిన కొండ.

తమిళనాట చదువుకునే మీలో కొందరికి తిరుప్పత్తూరు దగ్గరే. అక్కడ 1921లో జేసుదాసన్, ఫారెస్టర్ పేటన్ అనే ఇద్దరు వైద్యులు క్రిస్తుకుల ఆశ్రమం స్థాపించారు. ధ్యానంతో పాటు వైద్యసేవ కూడా అక్కడి నియమం. కావేరి ఒడ్డున కుళిత్తలై దగ్గర 1950లో మొదలైన ఆశ్రమం పేరు శాంతివనం. పేరులోనే వనం ఉన్నా అది ఊళ్ల నడుమనే ఉంది. నిర్జనత్వం మైళ్లతో కొలిచేది కాదని ఇవన్నీ చెబుతున్నాయి.

ఇప్పుడు చాలా సంఘాలు కొండల మీద, తోటల్లో రిట్రీట్లు జరుపుతున్నాయి. వెళ్లే విద్యార్థులు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఎవరి నుంచి తప్పుకొని పోతున్నాను? అక్కడ నన్ను ఎరిగిన పెద్ద ఎవరున్నారు? తిరిగి ఎవరి దగ్గరికి వస్తాను? మూడోదానికి జవాబు లేకపోతే ప్రయాణం ఇంకా సిద్ధం కాలేదన్నమాట.

ఆ విద్యార్థిని అతని సంఘంలోని ఒక పెద్దాయన దగ్గరికి పంపాను. ఆయన అతణ్ణి తమ తోటలోనే రెండు రోజులు ఉంచుకున్నారు. పగలంతా ఒంటరిగా వదిలేసి, పొద్దునా సాయంత్రం గంజి పోసి, రాత్రి కాసేపు మాట్లాడేవారట. నలభై రోజుల మాట అతను మళ్లీ ఎత్తలేదు. ఆదివారం నాడు ఇంటికి వెళ్లి నాన్నతో మాట్లాడాడు. సోమవారం తరగతికి వచ్చాడు.