మొప్ప ఎత్తి చూడండి!

విశాఖపట్నంలోని ఫిషింగ్ హార్బరు మీరెప్పుడైనా చూశారా? తెల్లవారుతూనే మరపడవలు ఒడ్డుకు చేరతాయి. గంపల్లో చేపలు దిగుతాయి. వేలం పాట మొదలవుతుంది. అక్కడ చేపలు కొనేవాళ్ళను గమనించండి. చేప పైకి ఎంత తళతళలాడినా వాళ్ళు వెంటనే డబ్బు తియ్యరు. మొప్ప ఎత్తి చూస్తారు. లోపల ఎర్రగా ఉంటే తాజా చేప. రంగు పాలిపోయి ఉంటే పాత సరుకు.

ఇప్పుడు మీ ఇంట్లో ఫోను సంగతి చూద్దాం. అందులో ఒక ప్రకటన వస్తుంది. మీకెంతో ఇష్టమైన క్రికెట్ ఆటగాడు, “ఈ యాప్‌లో చేరండి, రోజూ డబ్బు వస్తుంది” అంటాడు. ముఖం ఆయనదే. గొంతూ ఆయనదే. కాని ఆ మాటలు ఆయన ఏనాడూ అనలేదు! ఇదేం మాయ? మాయ కాదు, అంతా లెక్కల పని. ఇటువంటి కల్పిత వీడియోను డీప్‌ఫేక్ అంటారు.

2024 జనవరిలో సచిన్ టెండూల్కర్‌కు సరిగ్గా ఇదే జరిగింది. ఆయన ఒక ఆటల యాప్‌ను మెచ్చుకుంటున్నట్టు, ఆయన కూతురు దానితో సంపాదిస్తున్నట్టు ఒక వీడియో వ్యాపించింది. అది బూటకమని సచిన్ స్వయంగా ప్రకటించవలసి వచ్చింది. అదే ఏడాది నవంబరులో రిజర్వు బ్యాంకు కూడా, తన గవర్నరు పెట్టుబడి సలహాలు ఇస్తున్నట్టు తిరుగుతున్న వీడియోలు నకిలీవని హెచ్చరించింది. మన సినీనటుడు నాగార్జున తన పేరునూ రూపాన్నీ అనుమతి లేకుండా వాడుకోరాదని 2025 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వులు పొందారు.

ఇంతకీ ఈ వీడియో ఎలా తయారవుతుంది? ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. అద్దం ముందు నిలబడి ప, బ, మ అనండి. పెదవులు కలిశాయి కదూ! వీటినే వ్యాకరణంలో ఓష్ఠ్యాలు అంటారు. ఇప్పుడు క, గ అనండి. పెదవులు కలవవు. అంటే ప్రతి ధ్వనికీ నోరు ఒక ఆకారం తీసుకుంటుందన్నమాట. మనుషులు మాట్లాడే వీడియోలు వేలకొద్దీ ఇస్తే, ఏ ధ్వనికి ఏ ఆకారమో కంప్యూటరు లెక్కగట్టి నేర్చుకుంటుంది.

మోసగాడు ఆ ప్రముఖుడు ఎప్పుడో ఇచ్చిన అసలు ఇంటర్వ్యూను తీసుకుంటాడు. ఆ గొంతు నమూనాను ఒక ప్రోగ్రాముకు ఇస్తాడు. కొన్ని సెకన్ల నమూనా దొరికితే చాలు, అదే గొంతుతో కొత్త మాటలు పలికించగల ప్రోగ్రాములు నేడు ఉన్నాయి. తరువాత ఆ మాటలకు తగినట్టు నోటి చుట్టూ ఉన్న భాగాన్ని మాత్రం కంప్యూటరుతో మార్పిస్తాడు. కళ్ళు, జుట్టు, చొక్కా, వెనక గోడ అన్నీ అసలువే. అందుకే మనం తేలిగ్గా నమ్ముతాం.

మరి పట్టుకోవటం ఎలా? 2018లో అమెరికా శాస్త్రజ్ఞులు ఒక లోపం కనిపెట్టారు. అప్పటి డీప్‌ఫేక్ ముఖాలు కనురెప్పలు సరిగా వేసేవి కావు. కంప్యూటరు నేర్చుకున్న ఫొటోల్లో కళ్ళు తెరిచినవే ఎక్కువ మరి! సంగతి బయటపడగానే తయారుచేసేవాళ్ళు దాన్ని దిద్దుకున్నారు. 2020లో మరికొందరు శాస్త్రజ్ఞులు, ప, బ, మ పలికేటప్పుడు నకిలీ పెదవులు ఒక్కోసారి కలవటం లేదని గమనించారు. ఇటువంటి లోపాలు ఏటికేడు తగ్గిపోతున్నాయి. కనుక కంటిని మాత్రమే నమ్ముకుంటే చాలదు.

వీడియోకు మొప్ప ఏది? రెండు ప్రశ్నలు. మొదటిది: ఇది ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ప్రముఖుని సొంత ఖాతాలో, లేదా ఆ సంస్థ అసలు వెబ్‌సైట్‌లో ఇది ఉందా? రెండవది: నన్ను ఏం చెయ్యమంటోంది? “ఈ రోజే చేరండి, లాభం ఖాయం” అంటే అది ఎర. ఖాయంగా పెద్ద లాభం ఇచ్చే పెట్టుబడి ఎక్కడా లేదు. వలవేసి రహస్యాలు రాబట్టే ఆన్‌లైన్ మోసానికి కూడా ‘ఫిషింగ్’ అనే పేరు. ఇంగ్లీషులో రాసేటప్పుడు అక్షరాలు వేరు, పలకటం ఒక్కటే!

ఎర మింగినవాళ్ళకు ఏమవుతుంది? మొదట ఫోను తెరమీద లాభం పెరుగుతున్నట్టు అంకెలు కనిపిస్తాయి. అవి ఉత్త అంకెలు. డబ్బు వెనక్కి అడిగితే, ముందు పన్ను కట్టమంటారు. కట్టినకొద్దీ పోతుంది.

హార్బరులో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో సంపాదన ఉండదు, చేతిలో ఉన్న కాస్త డబ్బే ఆధారం. అటువంటి ఇంట్లో ఒక్క నకిలీ ప్రకటన ఎంత నష్టం చేస్తుందో ఆలోచించండి. పెద్దవాళ్ళు ఫోనులో వచ్చినదాన్ని చదివి చెప్పమని అడిగేది మిమ్మల్నే కదా! పొరపాటున డబ్బు పంపితే సిగ్గుపడి దాచవద్దని చెప్పండి. వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యాలి. ఎంత త్వరగా చెబితే, డబ్బును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఈ సాయంత్రం మీ తాతయ్యను, అమ్మమ్మను అద్దం ముందు నిలబెట్టి ప, బ, మ అనిపించండి. తరువాత, చేపకు మొప్ప ఎందుకు ఎత్తుతారో వాళ్ళనే అడగండి. మిగిలిన సంగతి మీరు చెప్పవచ్చు.