పుక్కిలింత - పంటిపాచి



సూర్యాపేటలో గాని, కోదాడలో గాని, మిర్యాలగూడ ధాన్యపు మిల్లులకడ గాని నలుగురు పెద్దలు కూడినచోట దంతముల ప్రస్తావన వచ్చిన, "మా నీళ్ళే అట్టివి" అను మాట నేను తఱచుగా వినుచుందును. అందు సగము నిజము. పూర్వపు నల్లగొండ జిల్లాలో పెక్కు గ్రామముల బావినీటిలో ఫ్లోరైడు అధికమగుటచే పలువురి పండ్లపై గోధుమవన్నె మచ్చలు పడినవి. ఆ మచ్చ పన్ను మొలవకముందే ఏర్పడినది. ఇటుకపొడితో తోమినను, ఏ మందుతో పుక్కిలించినను పోదు. మచ్చను గూర్చి చింతించుచు చిగుళ్ళను మఱచుటయే నాకు విచారము.

చిగుళ్ళకు శత్రువు పాచి. ఉదయము నాలుకకు జిగటగా తగులునది అదియే, అందంతయు సూక్ష్మజీవులే. తీయకున్న చిగుళ్ళు వాచి నెత్తురు కారును. క్రమముగా పంటిని పట్టియుండు ఎముక కరగి, పుచ్చని పన్ను సైతము కదలి యూడును. మనము దానిని వృద్ధాప్యముపై వేయుదుము. మధుమేహము, పొగాకు ఉన్నచోట ఇది మఱింత త్వరపడును.

1683లో హాలెండు దేశపు బట్టలవర్తకుడు లీవెన్‌హుక్ తన పంటిపాచిని చిన్న కటకముతో చూచి, అందు కదలుచున్న ప్రాణులను కనుగొనెను. ఘాటైన సిర్కాతో పుక్కిలించి మరల చూడగా పాచిలో అవి ఇంకను అసంఖ్యాకముగా ఉండెను. పాచిని నీట కలిపి సిర్కా పోయగానే చచ్చెను. మందు పైపొరనే తాకినదని ఆయన గ్రహించెను. నేటి మందులకును ఈ చిక్కు కలదు. కావున ముందు తోముట, పిదపనే పుక్కిలింత. వేపపుల్ల యైనను సరే, కొనను మెత్తగా నమలి చిగురు అంచున మెల్లగా త్రిప్పవలెను. నెత్తురు వచ్చుచున్నదని తోముట మానిన పాచి పెరిగి నెత్తురు హెచ్చును.

మందులలో క్లోర్‌హెక్సిడిన్ గట్టిది. నూటికి 0.2 పాలు గల ఆ ద్రవముతో దినమునకు రెండుమార్లు పుక్కిలించిన పాచి చేరదని 1970లో డెన్మార్కు పరిశోధకులు చూపిరి. 10 మిల్లీలీటర్లు ఒక నిమిషము నోట నుంచి ఉమియవలెను, మ్రింగరాదు. పేస్టుతో తోమిన అరగంట తరువాతనే వాడవలెను. దీర్ఘకాలము వాడిన నోటిరుచి మారును, పండ్లు గోధుమవన్నె నొందును; మచ్చలు పోవునని కొన్నవారికి క్రొత్త మచ్చలు! కనుక వైద్యుడు చెప్పినన్ని దినములే వాడుడు. గోరువెచ్చని ఉప్పునీరు వాచిన చిగుళ్ళకు ఉపశమన మిచ్చును గాని పాచిని తీయజాలదు.

పాచి గట్టిపడి గార యైనపుడు ఏ ద్రవమును దానిని కరగింపదు. దంతవైద్యుడు పనిముట్టుతో తీయవలసినదే. గార తీయించిన పండ్లు వదులగునని కొందఱు వెఱతురు. గార నిండియున్న సందు బయటపడుటచే అట్లు తోచునే గాని, పంటి పట్టును సడలించినది ఆ గార క్రింది రోగమే.