గృహ బీరు తయారీలో రెండవ దఫా ఎంపిక

అమ్మకానికి కాక సొంత వినియోగం కొరకు ఇంటిలో చిన్న పరిమాణంలో బీరు చేసుకొనడాన్ని గృహ బీరు తయారీ అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలు, బ్రిటన్ వంటి దేశాలలో ఇది ఒక వ్యాపకంగా స్థిరపడింది. మొదటి దఫా చక్కగా కుదిరిన పిమ్మట రెండవ దఫాకు ఏ రకాన్ని ఎంచుకోవాలి అనేది ఇందులో ప్రవేశించిన వారందరికీ ఎదురయ్యే ప్రశ్న. మొదటి బీరు బాగా వచ్చినంత మాత్రాన, అది ఎందువలన బాగా వచ్చిందో తయారీదారునికి తెలిసినట్లు కాదు. అందుచేత రెండవ దఫా రుచికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, నేర్చుకొనే క్రమంలో ఒక మెట్టు కూడా.

చరిత్ర

బ్రిటన్‌లో 1963 వరకు ఇంటిలో బీరు చేసుకొనడానికి లైసెన్సు అవసరమయ్యేది. అప్పటి ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఆ నిబంధనను తొలగించాడు. అమెరికాలో 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ఒకే వయోజనుడు ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు (సుమారు 379 లీటర్లు), ఇద్దరు లేక అంతకు మించి ఉన్న ఇంటికి 200 గ్యాలన్లు పన్ను లేకుండా చేసుకోవచ్చు. అయితే రాష్ట్రాల చట్టాలు వేరు. చివరిగా మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు 2013లో అనుమతించాయి. చార్లీ పపాజియన్ 1984లో ప్రచురించిన మార్గదర్శక గ్రంథం ఈ వ్యాపకం వ్యాప్తికి ఎంతో తోడ్పడింది.

మొదటి దఫా స్వరూపం

అమెరికాలో మొదటి దఫా సాధారణంగా 5 గ్యాలన్ల (సుమారు 19 లీటర్ల) ఏల్ రకం బీరు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మాల్ట్ అంటారు. మాల్ట్ సారాన్ని నీటిలో కలిపి, హాప్స్ పూలు వేసి మరిగిస్తారు. ఈ ద్రవమే వోర్ట్. దీనిని చల్లార్చి ఈస్ట్ కలిపితే అందులోని చక్కెరలు ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారతాయి. ఈ మార్పును కిణ్వనం అంటారు.

రెండవ దఫాకు అనువైనవి

* అదే రకం మరల: రెండు దఫాలూ ఒకే విధంగా వస్తే పద్ధతి చేతికి వచ్చినట్లు. తేడా వస్తే శుభ్రత, ఉష్ణోగ్రత, కొలతలలో ఎక్కడ మార్పు జరిగిందో వెదకవచ్చు.
* ఒకే ఒక్క మార్పు: మిగిలినవన్నీ యథాతథంగా ఉంచి హాప్స్ రకాన్ని గాని, ఈస్ట్‌ను గాని మార్చడం. ఒకే వోర్ట్‌ను రెండు పాత్రలలో పోసి, రెండు రకాల ఈస్ట్ వేసి చూస్తే ఈస్ట్ ప్రభావం స్పష్టంగా తెలుస్తుంది. మాల్ట్, హాప్స్, ఈస్ట్ మూడూ ఒకేసారి మారిస్తే ఏ రుచి దేని వలన వచ్చిందో చెప్పడం కష్టం.
* గోధుమ బీరు: బవేరియా పద్ధతిలోని ఈస్ట్ అరటిపండు, లవంగాల వాసనను ఇస్తుంది. ఈ రకానికి మబ్బుదనం సహజం కనుక తేటదనం గురించి చింత ఉండదు.
* స్టౌట్: వేయించిన బార్లీ వలన నలుపు రంగు, కాఫీని పోలిన చేదు వస్తాయి. ఈ గాఢమైన రుచిలో చిన్న లోపాలు కొంత మరుగున పడతాయి.

వాయిదా వేయదగినవి

లాగర్ రకానికి కిణ్వనం సుమారు 8 నుండి 13 డిగ్రీల సెల్సియస్ వద్ద జరగాలి. తరువాత వారాల తరబడి ఇంకా చల్లగా నిలువ ఉంచాలి. ప్రత్యేక ఫ్రిజ్ లేకుండా ఇది సాధారణంగా కష్టం. ఆల్కహాలు అధికంగా ఉండే రకాలకు ఈస్ట్ ఎక్కువ కావాలి, పక్వానికి నెలలు పట్టవచ్చు. పుల్లని బీర్లలో వాడే సూక్ష్మజీవులు ప్లాస్టిక్ గొట్టాలలో మిగిలిపోయి తరువాతి దఫాలను పాడుచేయగలవు.

ఉష్ణోగ్రత

వేసవిలో దోసెల పిండి త్వరగా పులుస్తుంది, చలికాలంలో ఆలస్యమవుతుంది. ఈస్ట్ విషయమూ ఇంతే. అధిక ఏల్ ఈస్ట్‌లకు 18 నుండి 22 డిగ్రీలు అనుకూలం. వేడి మించితే ఘాటైన, అవాంఛనీయమైన రుచులు వస్తాయి. కనుక ఆ ఋతువులో ఇంటిలో ఎంత ఉష్ణోగ్రత నిలుపగలరో చూసి, దానికి తగిన రకాన్ని ఎంచుకొనడం మేలు.

జాగ్రత్తలు

మొదటి విజయం తరువాత ఎక్కువగా జరిగే పొరపాటు తొందరపాటు. కిణ్వనం పూర్తి కాకముందే సీసాలలో నింపితే, లోపల వాయుపీడనం పెరిగి సీసాలు పగిలి గాయాలు కావచ్చు. హైడ్రోమీటరు కొలత రెండు మూడు రోజుల పాటు మారకుండా ఉంటేనే సీసాలలో నింపాలి. పాత్రలను శుభ్రపరచి, సూక్ష్మజీవ రహితం చేయడం ప్రతి దఫాకూ తప్పనిసరి. తేదీలు, తూకాలు, ఉష్ణోగ్రతలు, రుచి ఒక పుస్తకంలో వ్రాసుకొంటే మూడవ దఫాకు అవే ఆధారమవుతాయి.

తెలుగు రాష్ట్రాలలో

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. ఇంటి వాడకానికి చేసుకొనే బీరు కూడా ఈ పరిధిలోకే వస్తుంది.

ఇవి కూడా చూడండి

* బీరు
* బార్లీ
* ఈస్ట్
* కిణ్వనం