అందరి చూపూ ఆ ఒక్కడి మీదే!

కడప జిల్లా కమలాపురంలో రిటైరైన ఓ డ్రిల్లు మాస్టారికీ, అమెరికాలోని డల్లాస్ ఫుట్‌బాల్ జట్టుకూ ఏమిటి సంబంధం? మనవడు నేర్పిన ఆట, కొడుకు దాచిన మాట... ఆ సంగతులే ఇవి.

2025 నవంబరు 28, శుక్రవారం. తెల్లవారుజామున మూడు గంటలు. కమలాపురం గాఢనిద్రలో ఉంది. స్టేషన్ వైపు నుంచి గూడ్సుబండి చప్పుడు తప్ప మరో అలికిడి లేదు. మా ఇంట్లో మాత్రం ఫోన్ వెలుగుతోంది. ‘ఈ వయసులో ఇదేం పిచ్చి మీకు’ అని మా ఆవిడ దుప్పటి ముసుగు పెట్టేసింది.

అదే సమయానికి టెక్సాస్‌లో గురువారం మధ్యాహ్నం మూడున్నర. అక్కడ థ్యాంక్స్‌గివింగ్ పండగ. మా డల్లాస్ కౌబాయ్స్‌కూ కాన్సాస్ సిటీ చీఫ్స్‌కూ మ్యాచ్. అవతలి జట్టుకు ఆడేది మూడు సూపర్‌బౌల్ కప్పులు గెలిచిన ప్యాట్రిక్ మహోమ్స్. అయినా 31-28తో మావాళ్లే గెలిచారు. ఆట ముగిసేసరికి ఇక్కడ తెల్లవారి, పాలవాడు గేటు కొడుతున్నాడు!

‘ఏం సార్, మీ కౌబాయిలు గెలిచినారా?’ అని టీ అంగడి దగ్గర అడుగుతుంటారు. మా ఊళ్లో కౌబాయ్ అంటే ‘మోసగాళ్లకు మోసగాడు’లో కృష్ణే. ఆ సినిమా వచ్చింది 1971లో. డల్లాస్ జట్టు మొట్టమొదటి సూపర్‌బౌల్ గెలిచింది కూడా 1971 సీజన్‌లోనే. ఈ మాట చెబితే, ‘అయితే గెలిపించింది కృష్ణే సార్’ అని నవ్వేస్తారు.

మనవడే గురువు

2023 సెప్టెంబరులో మా అబ్బాయి దగ్గరికి వెళ్లాం. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. తెలుగువాళ్లకు కొదవలేని ఊరది. గుడికి వెళ్తే కడప వాళ్లు, దుకాణానికి వెళ్తే ప్రొద్దుటూరు వాళ్లు. కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం, సాధన చేసే మైదానం ఉన్నదీ ఆ ఊళ్లోనే.

మొదటిసారి టీవీలో ఆ ఆట చూసినప్పుడు, నిజం చెప్పొద్దూ, తిరునాళ్లలో తొక్కిసలాటలా అనిపించింది. పేరేమో ఫుట్‌బాల్. బంతిని కాలితో తన్నేది ఎప్పుడో ఒకసారి! కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో విసురుతారు, చంకలో పెట్టుకుని పరిగెత్తుతారు, ఒకరి మీద ఒకరు పడతారు. ముప్పయ్యేళ్లు పిల్లలకు కబడ్డీ, వాలీబాల్ నేర్పినవాణ్ని. నాకే తల తిరిగింది. అప్పటికి తొమ్మిదేళ్లున్న మా మనవడు పక్కన కూర్చుని పాఠం మొదలుపెట్టాడు.

‘తాతా, చాలా సింపుల్’ అన్నాడు. మైదానం పొడవు వంద గజాలు. ఒక్కో వైపు 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకు పోతే మళ్లీ నాలుగు అవకాశాలు ఇస్తారు. పోలేకపోతే బంతి అవతలివాళ్లది. అలా జరుపుకుంటూ చివరి గీత దాటితే ఆరు పాయింట్లు. అదే ‘టచ్‌డౌన్’. దూరం పోలేమనుకుంటే రెండు స్తంభాల మధ్య నుంచి బంతిని తన్ని మూడు పాయింట్లు తెచ్చుకోవచ్చు. అదీ లెక్క.

ఈ మొత్తం ఆటకు ఇరుసులాంటివాడు ఒకడుంటాడు. అతనే క్వార్టర్‌బ్యాక్.

మూడు సెకన్ల పని

వాలీబాల్‌లో బంతిని లేపి ఇచ్చేవాడు ఉంటాడు కదా... ఎవరికి ఇవ్వాలి, ఎంత ఎత్తుకు లేపాలి అన్నది అతని చేతిలో ఉంటుంది. క్వార్టర్‌బ్యాక్ పని అలాంటిదే. కాకపోతే ఇక్కడ 140 కిలోల మనుషులు అతన్ని కింద పడెయ్యడానికి పరిగెత్తుకుంటూ వస్తుంటారు!

ఒక ఎత్తు అయిపోగానే 40 సెకన్ల గడియారం మొదలవుతుంది. ఆలోగా తర్వాతి ఎత్తు మొదలుపెట్టాలి. క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో చిన్న రేడియో ఉంటుంది. పక్కన నిలబడిన కోచ్ ఏ ఎత్తు వెయ్యాలో అందులో చెబుతాడు. గడియారం 15 సెకన్లకు రాగానే ఆ రేడియో ఆగిపోతుంది. అక్కణ్నుంచి అతను ఒంటరి. ఎదుటివాళ్లు ఎక్కడెక్కడ నిలబడ్డారో చూసుకుంటాడు. కోచ్ చెప్పిన ఎత్తు పారదనిపిస్తే అప్పటికప్పుడు కేకేసి మార్చేస్తాడు. ఆ తర్వాత మధ్యలో ఉన్నవాడు వంగి కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి అందిస్తాడు.

అక్కణ్నుంచి ఉండేది రెండున్నర, మూడు సెకన్లు. ఆలోగా నలుగురైదుగురిలో ఎవరు ఖాళీగా ఉన్నారో చూడాలి. మనిషి ఉన్న చోటికి కాదు, వాడు చేరబోయే చోటికి విసరాలి. చాలాసార్లు అందుకోవాల్సినవాడు ఇంకా వెనక్కి తిరగకముందే బంతి గాల్లో ఉంటుంది. ఆలస్యమైతే పడగొడతారు. దాన్ని ‘శాక్’ అంటారు. తొందరపడితే బంతి ఎదుటివాడి చేతిలో పడుతుంది.

ఆ మూడు సెకన్లు అతనికి సంపాదించిపెట్టేది ముందు నిలబడే ఐదుగురు. మధ్యలో ఉన్నవాడు వెనక్కి అందించడం తప్పిస్తే మామూలుగా బంతి ముట్టుకోరు, పాయింట్లు చెయ్యరు. క్వార్టర్‌బ్యాక్ వీపు వెనక నుంచి ఎవడూ రాకుండా కాపు కాస్తారు. బాగా చేస్తే వాళ్ల పేరు ఎవరూ ఎత్తరు. మా ప్రాంతంలో ఉరుసులకూ తిరునాళ్లకూ బండలాగుడు పోటీలు పెడతారు. బండ లాగేది ఎద్దులు... మైకులో మోగేది యజమాని పేరు. ఇదీ అంతే!

ముప్పయ్యేళ్ల కరవు

రాయలసీమ వాణ్ని, కరవు నాకు కొత్త కాదు. కానీ ఈ జట్టుది మామూలు కరవు కాదు. 1960లో పుట్టిన కౌబాయ్స్ ఐదు సూపర్‌బౌల్‌లు గెలిచారు. రోజర్ స్టాబాక్ హయాంలో రెండు, ట్రాయ్ ఐక్‌మన్ హయాంలో మూడు. చివరిది 1995 సీజన్‌లో. ఆ తర్వాత గెలవడం అటుంచి, ఫైనల్‌కు ముందు మ్యాచ్ దాకా కూడా చేరలేదు. ఆర్లింగ్టన్‌లో 80 వేల మంది పట్టే స్టేడియం 2009లో కట్టారు. అందులో పెట్టడానికి కొత్త కప్పే లేదు.

ఐక్‌మన్ తర్వాత చాలామంది వచ్చారు. నిలిచింది టోనీ రోమో. 2003లో ఏ జట్టూ ఎంపిక చెయ్యని కుర్రాడు. 2006లో జట్టు పగ్గాలు పట్టి ఏళ్లపాటు లాక్కొచ్చాడు. జట్టు తరఫున అత్యధిక గజాల రికార్డు కూడా సాధించాడు. కానీ జనానికి గుర్తున్నది ఒక్కటే. 2007 జనవరిలో సియాటెల్‌తో మ్యాచ్. తన్నేవాడి కోసం బంతిని నేల మీద నిలబెట్టబోతే చేతిలోంచి జారిపోయింది. ఒక్క పాయింటుతో ఓటమి. ఎన్నేళ్లు ఎంత ఆడినా, ఆ జారిన బంతిని ఎవరూ మరచిపోలేదు.

2016లో సీజన్ మొదలవకముందే రోమో గాయపడ్డాడు. 135వ ఆటగాడిగా ఎంపికైన కొత్త కుర్రాడు డాక్ ప్రెస్కాట్‌కు బంతి ఇచ్చారు. మొదటి మ్యాచ్ ఓడి, తర్వాత వరసగా 11 గెలిచాడు. ఇక ఆ స్థానం అతనిదే అయిపోయింది.

ఆ జనవరి సాయంత్రం

మేం అక్కడున్న సీజన్‌లో కౌబాయ్స్ 12 గెలిచి 5 ఓడారు. సొంత మైదానంలో వరసగా 16 మ్యాచ్‌లు గెలిచి ఊపు మీదున్నారు. 2024 జనవరి 14న నాకౌట్ మ్యాచ్. ప్రత్యర్థి గ్రీన్ బే. ఇంటి నిండా మా అబ్బాయి స్నేహితులు. కోడలు మిరపకాయ బజ్జీలు వేసింది. సగం ఆట అయ్యేసరికి స్కోరు 27-7... మావాళ్లవే ఏడు! ప్రెస్కాట్ విసిరిన బంతులు రెండు ఎదుటివాళ్ల చేతుల్లో పడ్డాయి. చివరికి 48-32తో ఓడిపోయారు.

అందరూ ప్రెస్కాట్‌ను తిట్టారు. నేనూ ఒక మాట అన్నాను. ‘అంత జీతం తీసుకుంటూ ఇదేం ఆట’ అని. మా అబ్బాయి మాత్రం ‘48 పాయింట్లు ఇచ్చింది ఆయన కాదు కదా నాయనా’ అని లేచి వెళ్లిపోయాడు.

రాత్రి అందరూ వెళ్లాక వరండాలో కూర్చున్నాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. ‘నాయనా, నవంబరులో నా ఉద్యోగం పోయింది. మొన్ననే కొత్తది దొరికింది.’

నాకు నోట మాట రాలేదు. రోజూ పొద్దున్నే లాప్‌టాప్ సంచి తగిలించుకుని వెళ్తుంటే ఆఫీసుకే అనుకున్నాం. వెళ్లింది లైబ్రరీకట. వాడి వీసాకు ఉద్యోగం పోతే 60 రోజులే గడువు. ఆలోపు మరొకటి దొరక్కపోతే పిల్లాడి బడి, ఇల్లు అన్నీ వదిలి బయల్దేరాలి. కోడలికి మాత్రమే తెలుసు. ‘మీరు కంగారు పడతారని చెప్పలేదు’ అన్నాడు.

ఆ రెండు నెలల్లో నేనేం చేశానో గుర్తొచ్చింది. కమలాపురంలో మిద్దె మీద రెండో అంతస్తు ఎప్పుడు మొదలుపెడదామని వారానికోసారి అడిగాను. బంధువుల ఇంట్లో పెళ్లికి ఎంత చదివించాలో చెప్పాను. వాడు ‘సరే నాయనా’ అన్నాడే తప్ప మరో మాట అనలేదు.

మూడు సెకన్లున్నవాడి మీదకు అవతలివాళ్లే రావాలనేముంది? వెనక నుంచి మనమూ వస్తుంటాం.

నంబరు 4 వెనక

ఆ తర్వాతే ప్రెస్కాట్ గురించి మనవణ్ని అడిగి తెలుసుకున్నాను. అతన్ని పెంచిన తల్లి 2013లో క్యాన్సర్‌తో పోయింది. ఆమె పుట్టినరోజు సెప్టెంబరు 4. అతను వేసుకునే చొక్కా నంబరు 4. 2020 ఏప్రిల్‌లో అన్నను పోగొట్టుకున్నాడు. ఆ ఏడాది తాను కుంగుబాటుతో బాధపడ్డానని అందరి ముందూ చెప్పాడు. ‘నాయకుడన్నవాడు అలా చెప్పకూడదు’ అని టీవీలో విమర్శించినవాళ్లు ఉన్నారు. కానీ అంతకు ఎన్నో రెట్ల మంది అతని పక్షాన నిలిచారు. అదే అక్టోబరులో మైదానంలో చీలమండ విరిగింది. ఏడాది తిరిగేసరికి మళ్లీ ఆడాడు.

చెప్పుకోవడం బలహీనత కాదని ఓ క్వార్టర్‌బ్యాక్‌కు తెలిసింది. మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు?

ఇంతకీ గెలుస్తారా?

అభిమానిని కదా, జట్టు సంగతి కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరులో ప్రెస్కాట్‌తో నాలుగేళ్లకు 24 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. ఏడాదికి సగటున 6 కోట్లు. అప్పటి లెక్కలో సుమారు ఐదొందల కోట్ల రూపాయలు! లీగ్ చరిత్రలో అప్పటిదాకా ఎవరికీ అంత ఇవ్వలేదు. అయితే ఈ లీగ్‌లో ఒక చిక్కుంది. జట్టు మొత్తం జీతాలకు పరిమితి ఉంటుంది. 2025లో అది 27.92 కోట్ల డాలర్లు. 53 మందికీ అందులోనే సర్దాలి. ఒకరికి ఎక్కువిస్తే మిగతావాళ్లకు కోత పడుతుంది. లేదంటే ఈ ఏటి భారాన్ని వచ్చే ఏళ్లకు తొయ్యాలి. పంట రుణాలు తిరగరాసుకునే మనకు ఈ కిటుకు చెప్పనక్కర్లేదు.

ఒప్పందం కుదిరిన సీజన్‌లోనే తొడ కండరం గాయంతో నవంబరులో అతని ఆట ఆగిపోయింది. 2025 ఆగస్టులో రక్షణ విభాగానికి వెన్నెముకలాంటి మైకా పార్సన్స్‌ను గ్రీన్ బేకు ఇచ్చేశారు. ఆ సీజన్‌లో ప్రెస్కాట్ 4,500 గజాలకు పైగా బంతులు విసిరాడు. జట్టు తరఫున రోమో రికార్డునూ దాటేశాడు. జట్టు మాత్రం 7 గెలిచి, 9 ఓడి, ఒకటి టై చేసుకుంది. ఎందుకంటే రక్షణ విభాగం ఒక్కో మ్యాచ్‌లో సగటున 30 పాయింట్లు సమర్పించుకుంది. లీగ్ మొత్తంలో అదే అట్టడుగు. పోయిన ఇంటికి వాకిలి వేసినట్టు, 2026 జనవరిలో ఆ విభాగం కోచ్‌ను తప్పించారు.

నా లెక్క ఇది. ప్రెస్కాట్ 1993లో పుట్టాడు. ఈ స్థానంలో ఆడేవాళ్లకు ముప్పయ్‌మూడేళ్లు పెద్ద వయసేం కాదు. ఒప్పందం 2028 దాకా ఉంది. పార్సన్స్ బదులు గ్రీన్ బే నుంచి కెన్నీ క్లార్క్, 2026, 2027లకు మొదటి రౌండ్ ఎంపికలు వచ్చాయి. 2025 నవంబరులో క్విన్నెన్ విలియమ్స్‌ను తెచ్చుకున్నారు. రక్షణ విభాగం నిలదొక్కుకుని, మ్యాచ్‌కు ఓ ఏడెనిమిది పాయింట్లు తక్కువిస్తే చాలు, నాకౌట్ దాకా చేరడం కష్టం కాదు. కప్పంటారా... అది క్వార్టర్‌బ్యాక్ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఏడు సూపర్‌బౌల్‌లు గెలిచిన టామ్ బ్రేడీకి కూడా ముందు ఐదుగురు కాపు కాశారు.

ఆదివారం రాత్రి ఫోన్ చేసినప్పుడు ఇప్పుడు నేను మొదట అడిగేది మిద్దె గురించి కాదు. ‘ఎట్లుండావు నాయనా, పని ఎట్లుంది?’ అంటాను. వాడు కాసేపు చెబుతాడు. ఒక్కోసారి బాగాలేదనే చెబుతాడు. చెబుతున్నాడు, అదే పదివేలు. ఆ తర్వాత మనవడు ఫోన్ లాక్కుని ప్రెస్కాట్ మైదానంలో అరిచినట్టు ‘హియర్ వీ గో’ అని కేకేస్తాడు. అక్కణ్నుంచి మ్యాచ్ గురించి అరగంట!

మా మిద్దె మీద రెండో అంతస్తు కోసం వదిలిన ఇనుప కడ్డీలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటి మీద మా ఆవిడ బట్టలారేసుకుంటోంది. వచ్చినవాళ్లు ‘ఎప్పుడు లేపుతారు సార్’ అని అడుగుతారు.

తొందరేం లేదని చెబుతున్నాను.